గడ్డకట్టిన బఠాణీలు

"అంటే ఫ్రీజర్ తలుపు నేను సరిగ్గా వెయ్యలేదంటావు, అంతేగా?"

"నేనలా అన్లేదమ్మా."

"మరెలా అన్నావు? 'రబ్బరు వదులైంది, గట్టిగా నొక్కి వెయ్యాలి' అంటే ఏవిటర్థం? ఈ ఇంట్లో ఫ్రిజ్ తీసేదీ వేసేదీ నేనేగా!"

కమలాదేవి చేతిలోని బఠాణీల ప్యాకెట్టును వంటగట్టు మీద ఠప్పున కొట్టింది. గింజలు విడలేదు. ప్యాకెట్టంతా ఒకే ముద్ద. ఇటుకలా ఉంది. ఇంకోసారి కొట్టింది.

డైనింగ్ టేబుల్ దగ్గర భర్త శ్రీరామమూర్తి ఫోన్లోంచి తలెత్తాడు. "కింది ఫ్లాటువాళ్ళు పైకొస్తారు."

"రానీండి. ఈ పులావు వాళ్ళకే పెడతాను."

ఇంద్రజ ఖతర్‌లో ఫిజియోథెరపిస్టు, ఇంకా హాస్పిటల్ యూనిఫాంలోనే ఉంది. చెప్పులు విడిచిందో లేదో తల్లి పట్టుకుంది. గురువారం సాయంత్రం, వారమంతా రోగుల కాళ్ళూ నడుములూ వంచీ సాగదీసీ ఆమె చేతులు పీకుతున్నాయి.

"పోనీలే, పారేసి కొత్తది తెప్పిద్దాం. బఠాణీల కోసం ఇంత పోట్లాటా?"

"బఠాణీల కోసం కాదు. నింద కోసం." కమలాదేవి ఫ్రీజర్ తెరిచి ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెట్టింది. "ఇదిగో కొబ్బరి తురుము. పొడిపొడిగా ఉంది. ఇదిగో మునక్కాయ ముక్కలు. వేటికవి విడిగా ఉన్నాయి. తలుపు తెరుచుకుపోతే ఇవన్నీ కరిగి ముద్దవ్వాలిగా? ఒక్క బఠాణీలకే ఎందుకొచ్చింది ఈ రోగం?"

ఇంద్రజ ప్యాకెట్టును చేతిలోకి తీసుకుంది.

అది ఇటుకలా లేదు. ఒకవైపు నున్నగా గుంటపడి ఉంది, చిన్న మూకుడులా. ఆ గుంటలో అరచెయ్యి పెట్టి చూసింది. చెయ్యి సరిపోలేదు. ఇంకా పెద్దదేదో అందులో పట్టేటట్టుంది.

ఆ ఒంపు ఆమెకు తెలుసు. రోజంతా ఆమె చేతుల్లో మెదిలేదే అది.

"ఏవిటే, అలా నిలబడిపోయావు?"

"ఏం లేదు," అంది ఇంద్రజ. కాని ప్యాకెట్టు కింద పెట్టలేదు.

పోయిన వారం భర్త రోవిన్ దేవుడి అర దగ్గర, వెలుగుతున్న దీపం ముందు నిలబడి, మోకాలికి ఏమీ లేదని చెప్పాడు. స్కానింగ్ అక్కర్లేదన్నాడు. ఆమె నమ్మింది. నమ్మాలనుకుంది గనక నమ్మింది. ఇంట్లో ఆమె ఐస్ బ్యాగులు రెండున్నాయి. అవి వాడితే ఆమెకు తెలుస్తుందని బఠాణీలు వాడాడన్నమాట.

పడగ్గది తలుపు తెరుచుకుంది. రోవిన్ ఆటబట్టల్లో, భుజాన సంచితో బయటికి వచ్చాడు. రేపు సాయంత్రం అల్ వక్రా ఊళ్ళో ఫుట్‌బాల్ మ్యాచ్. గెలిస్తే క్లబ్బు పై డివిజన్‌కి వెళుతుంది. ఇవాళ ఆఖరి ప్రాక్టీసు.

"అత్తగారూ, నాకు కొంచెము మజ్జిగ కావలెను," అన్నాడు.

మారిషస్‌లో పుట్టి పెరిగిన అతనికి తెలుగు బళ్ళో పాఠ్యపుస్తకం నేర్పింది. ఇంట్లో అక్కడి క్రియోల్ భాష, బళ్ళో తెలుగు వాచకం. ఆ వాచకం భాష వింటే కమలాదేవికి ఎంత కోపంలో ఉన్నా పెదవి విచ్చుకునేది. ఇవాళ కూడా విచ్చుకోబోయింది. కూతురి మొహం చూసి ఆగింది.

ఇంద్రజ ప్యాకెట్టు ఎత్తి చూపించింది. "ఇది ఎవరు వాడుతున్నారు?"

రోవిన్ కళ్ళు ఒకసారి ప్యాకెట్టు మీదికి, ఒకసారి అత్తగారి మీదికి వెళ్ళాయి. "నేనే. నాకు తలనొప్పిగా నుండెను. తలపై పెట్టుకొంటిని."

"తల మీద పెడితే ఇలా గుంటపడుతుందా?"

"పడవచ్చును."

"సరే. గొంతుక్కూర్చో."

"ఏమి?"

"ఇక్కడే. నా ఎదురుగా. గొంతుక్కూర్చుని లే. ఒక్కసారి చాలు."

"ఇంద్రా, వ్యాన్ వచ్చును. ఆలస్యమగును."

"ఒక్కసారి కూర్చుని లేవడానికి ఎంతసేపు పడుతుంది?"

అతను కూర్చోలేదు. కమలాదేవి మజ్జిగ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. శ్రీరామమూర్తి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు.

కాలింగ్ బెల్ మోగింది.

సురేందర్ వచ్చాడు. క్లబ్బులో జెర్సీలూ బూట్లూ చూసుకునేదీ, ఆటగాళ్ళను వ్యాన్‌లో తిప్పేదీ అతనే. ఆర్మూరు దగ్గర పల్లె. ఎప్పుడొచ్చినా ఈ ఇంట్లో ఏదో ఒకటి తినకుండా వెళ్ళడు.

"యల్లా అన్నా, పోదం పా, టైమైంది. నమస్తే అమ్మా." లోపలికి తొంగిచూసి నవ్వాడు. "ఏందమ్మా, ఇల్లంత సప్పుడు లేదు? గోల్ తిన్న టీం లెక్క కూసున్నరు?"

ఎవరూ నవ్వలేదు.

"సురేందర్," అంది ఇంద్రజ, మామూలు గొంతుతోనే. "మీ అన్న మోకాలు ఎలా ఉంది?"

"మోకాలా? మస్తుగున్నది అక్కా. మొన్న సూది ఏపిచ్చుకున్నంక నొప్పి మాఫీ. అస్సల్ లేదన్నడు. పోయిన మ్యాచ్‌ల ఎట్ల ఉరికిండో సూడలేదా? మా అమ్మకు ఫోన్ల జెప్పిన, దుబాయ్‌ల మనోడు గోల్ కొట్టిండని. ఖతర్ అంటే ఆమెకు సమజ్‌గాదు..."

రోవిన్ మొహం చూసి అతని మాట మధ్యలో తెగింది.

"నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

"లేదు," అంది కమలాదేవి నెమ్మదిగా. "కూర్చో. టీ పెడతాను."

పడగ్గదిలో మంచం మీద ఉతికిన జెర్సీ మడతపెట్టి ఉంది. వీపు మీద అప్పలసామి అని ఇంగ్లీషు అక్షరాలు. చెరుకు తోటల్లో పనికని ఓడెక్కిన ముత్తాతల పేరు అది. ఆ పేరే ఈ పెళ్ళికి మూలం. మూడేళ్ళ కిందట హాస్పిటల్ వాళ్ళిచ్చిన టికెట్లతో మ్యాచ్‌కి వెళ్ళినప్పుడు, శ్రీరామమూర్తి ఆ అక్షరాలు చదివి స్టాండ్‌లో లేచి నిలబడి, "అమ్మాయ్, అది మన విజయనగరం పేరే! సింహాచలం అప్పన్న పేరు!" అని అరిచాడు. ముందు వరసలోని వాళ్ళు గోల్ పడిందనుకుని వాళ్ళూ లేచారు.

ఇంద్రజ తలుపు వేసింది. "నొప్పి ఎప్పట్నుంచి?"

"రంజాన్ నుండి."

"క్లబ్ డాక్టర్‌కి?"

"తెలియదు. సూది బయట వేయించుకొంటిని."

"రోవిన్, సూది నొప్పిని చంపుతుంది. మోకాల్ని బాగుచెయ్యదు. నొప్పి లేదని నువ్వు పరిగెడుతుంటే లోపల అరిగేది అరుగుతూనే ఉంటుంది. నా దగ్గరికొచ్చే వాళ్ళందరూ 'ఒక్క మ్యాచ్' అనే మొదలుపెడతారు. తర్వాత వాకర్ పట్టుకుని వస్తారు."

"నీవు నన్ను చూచుట లేదు. నా మోకాలిని చూచుచున్నావు."

"చూడనివ్వకుండా దాచింది నువ్వు!"

ఆమె గొంతు హాల్లోకి వినిపించి ఉంటుంది. బయట టీ కప్పుల చప్పుడు ఆగింది.

అతను మంచం అంచున కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు కుడికాలు ముందుకు చాపాడు. ఆ చాపడం ఆమె ఎన్నాళ్ళుగానో చూస్తోంది. పొడుగు మనిషి గదా, అలాగే కూర్చుంటాడనుకుంది.

"చిన్నతనమున మా ఊరి మైదానములో నేనే అందరికన్న నెమ్మది," అన్నాడు. "వెనుక ఆడించిన పరుగెత్తలేనని ఎదుటివారి గోల్ దగ్గర నిలబెట్టిరి. బంతి వచ్చువరకు ఊరక నిలబడుము అనిరి. నిలబడితిని. అట్లే స్ట్రైకర్ నైతిని. రీయూనియన్ ద్వీపములో నిలబడితిని, మాల్దీవులలో, గోవాలో నిలబడితిని. ప్రతిచోట ఒక సంవత్సరము, తరువాత సంచి సర్దుకొనుట. ఇచ్చట మాత్రమే నాకు ఇల్లు దొరికినది."

"అందుకని?"

"క్లబ్బు నన్ను వదిలివేసినచో వీసా పోవును. నీ వీసా కూడ నా మీదనే గదా. రేపు గెలిచినచో ఇంకొక సంవత్సరము. తరువాత ఆపెదను."

"పోయినేడు కూడా ఇదే వాక్యం చెప్పావు."

అతను మడత మీద ఉన్న జెర్సీని మళ్ళీ మడతపెట్టాడు.

ఇంద్రజ సెల్ ఫోన్ తీసింది. "మీ క్లబ్ డాక్టరు నాకు తెలిసినవాడే. ఒక్క ఫోన్ చాలు."

"ఫోన్ చేయకు." అతను లేచాడు. "చెప్పవలసి వచ్చినచో నేనే చెప్పెదను. అది నా నోటితో రావలెను. ఇన్ని దేశములలో నన్ను ఎవరును బలవంతముగా బయటికి పంపలేదు, ఇంద్రా. నేనే లేచి వెళ్ళితిని. ఈ ఒక్కటి నాకు ఉంచుము."

"చెప్తావా?"

"ఆలోచించెదను."

"నేను అడిగింది అది కాదు."

"నీవు ఫోన్ చేయనని చెప్పు."

తలుపు అవతల సురేందర్ దగ్గాడు. ఇంద్రజ ఫోన్ మంచం మీద పడేసింది. "సరే. చెయ్యను."

వెళ్ళేముందు రోవిన్ దేవుడి అర ముందు దణ్ణం పెట్టుకున్నాడు, నిలబడే. కమలాదేవి వంటింటి గుమ్మంలోంచి చూసింది. మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకి ఆనించి లేచేవాడు. వాళ్ళ ద్వీపంలో అలాగే నేర్పారట. ఈమధ్య నిలబడే పెడుతుంటే, వ్యాన్ తొందరలో ఉన్నాడనుకుంది.

తలుపు మూసుకుంది. లిఫ్ట్ దిగిన చప్పుడయింది.

"ఫోన్ చెయ్యవే," అన్నాడు శ్రీరామమూర్తి.

"చెయ్యనని మాటిచ్చాను నాన్నా."

"మాటలు తర్వాత. వాడి కాలు పోతుంది."

"మీరు ఊరుకోండి," అంది కమలాదేవి. "అది వాళ్ళిద్దరి మధ్య విషయం. మొగుడి గుట్టు పెళ్ళాం బయటపెడితే వాడు రేపు తోటివాళ్ళ ముందు తలెత్తుకు తిరగగలడా?"

"తలెత్తుకు తిరగడానికి ముందు తిరగాలిగా!" శ్రీరామమూర్తి కుర్చీ వెనక్కి నెట్టాడు. కట్టడాల కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు ఆయన. "నా సైట్లో మేస్త్రీలందరూ ఇదే చెప్తారు. ఏం కాదు సార్, ఇంకో గంటలో అయిపోతుంది సార్ అని. నేను పని ఆపించేస్తాను. తిడతారు. తిట్టించుకోవడమే నా ఉద్యోగం."

"ఇది సైటు కాదండీ. ఇల్లు."

"ఇల్లయితే ఎముకలు విరగవా?"

కమలాదేవి గట్టు మీది డబ్బాలన్నీ తిరిగి ఫ్రీజర్లో సర్దింది. బఠాణీల ప్యాకెట్టు చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళి, మనసు మార్చుకుని, తిరిగి తెచ్చి పెట్టింది. తలుపు గట్టిగా నొక్కి వేసింది.

ఇంద్రజ స్నానం చేసింది. బట్టలు మార్చుకుంది. ఒక చోట కూర్చోలేకపోయింది. సెల్ తీసి డాక్టరు పేరు దాకా వెళ్ళి మళ్ళీ పక్కన పెట్టింది. చెప్తాడు, అనుకుంది. చెప్పడు, అనుకుంది. రేపు ఈపాటికి ఏ స్ట్రెచర్ మీదో ఉంటాడు. హాల్లోకి వచ్చింది.

నాన్న కుర్చీలో లేడు.

బాల్కనీ అద్దం తలుపు మూసి ఉంది. అవతల శ్రీరామమూర్తి నిలబడి ఉన్నాడు. మే నెల వేడిలో తాముండే అల్ హిలాల్ పేటలో ఎవరూ బాల్కనీలోకి వెళ్ళరు. పక్కనే ఏసీ యంత్రం వేడిగాలి కక్కుతూ రొద చేస్తోంది. ఆయన చొక్కా అప్పటికే వీపుకు అంటుకుపోయింది. చెవి దగ్గర ఫోన్ ఉంది. రెండో చెయ్యి గాలిలో, అరచెయ్యి కిందికి, ఏదో అణుస్తున్నట్టు ఆడుతోంది.

ఆ చెయ్యి కూడా ఇంద్రజకు తెలుసు. చిన్నప్పుడు ఒకసారి సైటుకు వెళ్ళినప్పుడు చూసింది. పైన క్రేన్ నడిపేవాడికి ఆయన అలాగే సైగ చేశాడు. ఆపు, అని.

డాక్టరు మొన్న భోజనానికి వచ్చినప్పుడు నాన్న ఆయన నంబరు తీసుకున్నాడు.

ఆమె అద్దం దగ్గరికి వెళ్ళి పిడి మీద చెయ్యి వేసింది. తలుపు తీస్తే చాలు. "నాన్నా, వద్దు" అంటే చాలు. అవతలి మాటలు వినిపించడం లేదు, పెదవులు కదలడమే కనిపిస్తోంది. వేడికి అద్దం వెచ్చగా ఉంది.

పిడి తిప్పలేదు.

తను ఫోన్ చెయ్యలేదు. మాట తప్పలేదు. అలా అనుకుంటూనే చెయ్యి తీసేసి సోఫా దగ్గరికి వచ్చింది.

కొంతసేపటికి శ్రీరామమూర్తి లోపలికి వచ్చి మొహం తుడుచుకున్నాడు. "బయట నిప్పుల కొలిమిలా ఉంది," అన్నాడు ఎవరితోనూ కాకుండా. ఎందుకు వెళ్ళావని ఎవరూ అడగలేదు.

రోవిన్ అనుకున్నదానికంటే ముందే వచ్చేశాడు.

తలుపు తీసింది కమలాదేవి. ముందుగా ఆమెకు కనిపించింది సంచి. అది సురేందర్ భుజాన ఉంది. రోవిన్ తన సంచి ఎవరికీ ఇవ్వడు. ఈ ఇంటికి కొత్తగా వచ్చిన రోజున మామగారు అందుకోబోతే కూడా ఇవ్వలేదు.

అతను కుంటుతూ లోపలికి వచ్చాడు. దాచుకోకుండా, పూర్తిగా కుంటుతూ. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, పక్క కుర్చీ లాగి దాని మీద కాలు పెట్టాడు. మోకాలు వాచి నున్నగా ఉంది.

"భోజనం వడ్డించెయ్యనా బాబూ?" అంది కమలాదేవి. ఏం మాట్లాడాలో తోచక అన్న మాట అది.

"వడ్డించుడు. అందరును కూర్చుండుడు."

కూర్చున్నారు. బఠాణీల్లేని పులావు, పెరుగుపచ్చడి. సురేందర్ గుమ్మం దగ్గరే ఉండిపోయాడు.

"నేను కోచ్‌తో చెప్పితిని," అన్నాడు రోవిన్. "ప్రాక్టీసు మొదలు కాకముందే. అందరి ముందర."

"చెప్పావా?" ఇంద్రజ చెయ్యి బల్ల మీద ముందుకు జరిగింది.

"చెప్పితిని. వ్యాన్‌లో దారి పొడుగునా ఆ మాట సిద్ధము చేసికొంటిని. మంచి పని చేశావు, అన్నట్లు నీ ముఖము నాకు కనబడెను."

కమలాదేవి ఊపిరి వదిలింది. "మంచి పనే చేశావు నాయనా. ఆ మాత్రం..."

"కోచ్ విని, నాకు తెలుసు అనెను." రోవిన్ అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు. "డాక్టరు తలుపు దగ్గర నిలబడి యుండెను. ఇంటి నుండి ఫోన్ వచ్చినది, రేపటి జట్టులోనుండి నీ పేరు అప్పటికే తీసివేసితిమి, అనిరి."

ఇంద్రజ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నేను సాక్షం అమ్మా," అన్నాడు సురేందర్ గుమ్మంలోంచి. "అన్న తనంతల తనే జెప్పిండు. కాని వాళ్ళు నమ్మలే. దొరికిపోయిండు గాబట్టి జెప్తున్నడు అనుకున్నరు. ఒకడు నవ్విండు గూడ. ఇన్నేండ్లల్ల అన్నను జూసి ఎవడు నవ్వంగ నేను జూడలే."

ఫ్రిజ్ మోటారు ఒక్కసారి గుర్రుమని మొదలైంది.

"ఫోన్ చేసింది నేను," అన్నాడు శ్రీరామమూర్తి. పళ్ళెంలోకి చూస్తూ అన్నాడు, కానీ స్పష్టంగా అన్నాడు. "ఇంద్రజ కాదు. దానికి సంబంధం లేదు. నీ కాలు పోతుందని భయం వేసింది బాబూ. మళ్ళీ అలాంటి పరిస్థితే వస్తే మళ్ళీ చేస్తాను."

"ఏవండీ!" అంది కమలాదేవి.

రోవిన్ ఆయన వైపు చూడలేదు. ఇంద్రజ వైపు తిరిగాడు. "నీకు తెలియునా?"

తెలీదనొచ్చు. నాన్న దారి కూడా చూపించాడు. మూడక్షరాల అబద్ధం చాలు, ఈ రాత్రి గడిచిపోతుంది.

"చూశాను," అంది. "బాల్కనీలో ఆయన మాట్లాడుతుంటే అద్దంలోంచి చూశాను. తలుపు మీద చెయ్యి కూడా వేశాను. తియ్యలేదు."

రోవిన్ తల ఊపాడు. ప్రాక్టీసులో కోచ్ చెప్పింది విన్నప్పుడు ఊపినట్టు, ఒక్కసారి.

కమలాదేవి లేచి వెళ్ళింది. బఠాణీల ప్యాకెట్టు పాత తువ్వాల్లో చుట్టి తెచ్చి, అల్లుడి పక్కన నేల మీద కూర్చుని, మోకాలి మీద పెట్టింది. గుంట సరిగ్గా అతికింది. ఆమె రెండు చేతులతో పట్టుకునే ఉంది.

"ధన్యవాదములు అత్తగారూ," అన్నాడు.

ఆ మాటకు ఎవరికీ నవ్వు రాలేదు.

"ఆదివారము నేను మా దేశమునకు వెళ్ళుచున్నాను," అన్నాడు. గొంతు పెంచలేదు. బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా, ఒక్కో మాటా జాగ్రత్తగా పెట్టుకుంటూ చెప్పాడు. "ఆపరేషన్ అచ్చటనే చేయించుకొనెదను. అమ్మకు చెప్పితిని. ఈ ఇంటికి నేను పరుగెత్తుచు వచ్చితిని. కుంటవలసి వచ్చినచో మా అమ్మ వాకిట్లో కుంటెదను."

"ఇంద్రజకి సెలవు దొరకాలిగా బాబూ, ఇంత తొందరగా అంటే..." కమలాదేవి చేతుల కింద ప్యాకెట్టు కరగడం మొదలైంది. నీళ్ళు ఆమె మణికట్టు మీదుగా కారుతున్నాయి.

రోవిన్ ఆమె చేతుల మీద తన చెయ్యి వేశాడు.

"టికెట్టు ఒకటే తీసికొంటిని, అత్తగారూ."